మేకల ఎద, చూలు, ఈత

లోపల బెదురుండియు పైకి గడ్డము నిక్కించి నిలుచువానిని మనవారు "మేకపోతు గాంభీర్యము" గలవాడందురు. దేనికిని పనికిరాని వస్తువును "అజాగళ స్తనము" అందురు. అనగా మేక మెడకు వ్రేలాడు చన్ను. మేక యెడ మనకు గల చిన్నచూపు ఈ రెండు మాటలలోనే తెలియుచున్నది. ఆవును గూర్చియు, గేదెను గూర్చియు చదువుకొన్నవారు వ్రాసినంతగా మేకను గూర్చి వ్రాయలేదు. కాపరులకు తెలిసినది చాల కలదు గాని అది కాగితమునకు ఎక్కలేదు. అయినను 2019 పశుగణనలో మన దేశమున 14 కోట్ల 88 లక్షల మేకలు లెక్కకు వచ్చినవి. వీనిలో పెక్కు రెండెకరముల రైతు పెరటిలోనో, భూమి లేని కూలివాని గుడిసె ముందరనో కట్టివేయబడి యున్నట్టివే.

ఈ విషయమును గూర్చి ప్రసంగింపవలెనను తలంపు మాకు కలిగిన విధము ముందుగా చెప్పెదము. కొంతకాలము క్రిందట గ్రామీణ కార్యక్రమమునకై ధ్వనిముద్రణ చేయుటకు మేము అనంతపురము జిల్లాలోని ఒక పల్లెకు పోయితిమి. మేము అడుగవలసిన ప్రశ్నలు వేరుశనగ పంటను గూర్చినవి. పని ముగిసి యంత్రమును పెట్టెలో సర్దుచుండగా ఒక ఇల్లాలు వచ్చి నిలిచినది. ఆమెకు ఐదు మేకలు కలవు. పిల్లలను అమ్మగా వచ్చిన సొమ్ముతోనే కూతురిని పట్టణమున కళాశాలలో చదివించుచున్నది. ఆ ఐదింటిలో మేలైన నల్లమేక ఏడాదిగా చూలు నిలుపలేదు.

"ఎదకైతే వస్తాది సామీ. పోతు దగ్గరికి తోలకపోతే ఒప్పుకోదు. మళ్ళా మూడు వారాలకి అరుస్తాది. ఇట్లే ఏడాది గడిచిపాయె. గొడ్డుదేమో, సంతకు తోలేద్దామా అని అడిగేదానికొచ్చినా" అని ఆమె మమ్ములను అడిగినది.

మాతో వచ్చిన పశువైద్యుడు ఆమెను రెండు ప్రశ్నలు మాత్రమే అడిగెను: మేక ఎదకు వచ్చినట్లు ఏ వేళ కనిపెట్టెదవు? పోతు వద్దకు ఏ వేళ చేర్చెదవు? ఊరిలోని ఒక్క పోతును బక్రీదు పండుగకు అమ్మివేసినారట. పొరుగూరి పోతు మూడు మైళ్ళ దూరమున నున్నది. సాయంకాలము మేక అరచుట విన్నచో మరునాడు కూలిపని మానుటకు వీలులేక, ఎల్లుండి ఉదయమున తోలుకొనిపోవునది. మేక గొడ్డుది కాదనియు, గడియారము తప్పినదనియు వైద్యుడు చెప్పెను. ఆ గడియారమును గూర్చియే మా నేటి ప్రసంగము.

ఆడమేక సుమారు 21 దినములకు ఒకసారి ఎదకు వచ్చును. ఒకటి రెండు దినములు అటునిటు కావచ్చును. ఎద నిలుచుకాలము ఒక పగలు ఒక రాత్రి మొదలు రెండు పగళ్ళు రెండు రాత్రుల వరకు. సగటున 36 గంటలు. ఆ సమయమున మేక మాటిమాటికి అరచును, తోకను వడివడిగా ఆడించును, మేత తగ్గించును, తరచుగా మూత్రము పోయును, తోటి మేకలపై ఎక్కును, ఎక్కనిచ్చును. వెనుకభాగము ఉబ్బి ఎర్రబారి, గాజువలె తీగలుసాగు ద్రవము కారును. ఇవియన్నియు కాపరులకు తెలిసిన గురుతులే. వారికి కనబడనిది అండము విడుదలయగు సమయము. ఎద ప్రారంభమైన 24 మొదలు 36 గంటలకు, అనగా ఎద ముగియవచ్చునప్పుడు, అండాశయము నుండి అండము వెలువడును. వెలువడిన అండము కొలది గంటలు మాత్రమే సజీవముగా నుండును. పోతు వీర్యకణములు అంతకుముందే గర్భాశయ మార్గమున చేరి కాచుకొని యుండవలెను. కనుక ఉదయమున ఎద కనిపించిన మేకను ఆ సాయంకాలమున, సాయంకాలమున కనిపించినదానిని మరునాటి ఉదయమున పోతుకు చూపి, పండ్రెండు గంటలు గడిచిన పిదప ఇంకను ఎద యున్నచో మరల చూపవలెను. ఎల్లుండి వరకు ఆగినచో మేక పోతును దగ్గరకు రానీయదు. ఆ యిల్లాలు "ఒప్పుకోదు" అని చెప్పినది ఇదియే.

తప్పిన ఎద ఒకటి అనగా మూడు వారముల నష్టము. నాలుగు తప్పినచో మూడు నెలలు గడచును. మేక చూలు ఐదు నెలలు. ఈనిన పిదప మూడు నెలలలోగా మరల చూలు కట్టినచో ఎనిమిది నెలలకు ఒక ఈత, రెండేండ్లకు మూడు ఈతలు వచ్చును. కవల లీను మేక యైనచో రెండేండ్లకు ఆరు పిల్లలు. ఏడాదికి ఒక ఈత మాత్రమే జరిగినచో నాలుగే. పోయిన రెండు పిల్లల వెలయే ఆ యింటి బిడ్డ చదువు.

ఎద ముగిసి అండము వెలువడినచోట అండాశయమున ఒక చిన్న గ్రంథి ఏర్పడును. దానికి శాస్త్రజ్ఞులు పీతదేహమని పేరిడిరి. అది ప్రొజెస్టిరోను అను హార్మోనును రక్తములోనికి విడుచుచు గర్భాశయమును శాంతపరచి, పిండమునకు పాన్పు సిద్ధపరచును. పిండము నిలువనిచో రెండు వారములు దాటిన పిమ్మట గర్భాశయము ప్రోస్టాగ్లాండిను అను ద్రవ్యమును పంపి ఆ గ్రంథిని కరగించివేయును. అప్పుడు మరల ఎద. పిండము నిలిచినచో అది తన ఉనికిని తల్లికి తెలుపుకొని గ్రంథి కరగకుండ ఆపును.

ఇచ్చట మేకకును గొఱ్ఱెకును ఒక భేదము కలదు. గొఱ్ఱె చూలు సుమారు రెండు నెలలు నిండునప్పటికి మాయయే చాలినంత ప్రొజెస్టిరోనును తయారుచేసికొనును; పీతదేహము లేకున్నను చూలు సాగిపోవును. మేక మాయకు ఆ శక్తి లేదు. ఐదు నెలలును అది అండాశయమునందలి ఆ చిన్న గ్రంథిపైననే ఆధారపడి యుండును. గ్రంథి కరగినచో ఏ నెలలోనైనను చూలు పోవును. దీర్ఘమైన ఆకలి, తీవ్రమైన జ్వరము, కుక్కలు తరిమిన బెదురు, లారీలో కుక్కి చేసిన దూరప్రయాణము గొఱ్ఱెకంటె మేకకు ఎక్కువ కీడు చేయుట కాపరులు ఎరుగుదురు. మేకలు "చీటికిమాటికి ఈసుకుపోవును" అని వారనుటలో ఈ శరీరధర్మము కొంతవరకు ఇమిడియున్నది.

మరియొక విచిత్రము కలదు. మొదటిసారి ఎదకు వచ్చిన పడుచుమేకలును, చాలకాలము ఎద లేకయుండి మరల మొదలిడిన మేకలును, పోతు దాటిన ఐదారు దినములకే తిరిగి ఎదకు వచ్చుట కలదు. దాటు వ్యర్థమైనదని కాపరి నిరాశపడును. పోతుపై నింద వేయును. యథార్థమేమనగా, అట్టి మొదటి అండము వెనుక ఏర్పడిన పీతదేహము బలహీనమైనది. వారము గడువకముందే కరగిపోయినది. రెండవసారి ఏర్పడునది గట్టిది. ఆ రెండవ ఎదను విడువక పోతుకు చూపినచో చూలు నిలుచుటకు ఎక్కువ అవకాశము కలదు.

ఇక ఋతువుల మాట. ఐరోపా ఉత్తర దేశములలో మేకలకు సూర్యుడే యజమాని. పగలు కురుచయై రాత్రులు పెరుగు శరత్కాలమున మాత్రమే అవి ఎదకు వచ్చును. మెదడులోని ఒక సూక్ష్మగ్రంథి చీకటివేళ మెలటోనినును విడుచును; అది ఎంతసేపు విడువబడినదో దానినిబట్టి దేహము కాలమును గుణించుకొనును. ఆ దేశములలో వేసవి పగటికిని చలికాలపు పగటికిని ఎనిమిది గంటలకు మించిన తేడా యుండును. మన అనంతపురమున ఆ తేడా రెండు గంటలు కూడ లేదు. కనుక మన నాటు మేకలు సూర్యుని కంటె వానను ఎక్కువగా లక్ష్యపెట్టును. ఏ నెలలోనైనను ఎదకు రాగలవు గాని, ఎండాకాలమంతయు ఎండుటాకులు నమలి చిక్కిపోయిన మేక మృగశిర కార్తెలో నాలుగు వానలు పడి పచ్చిక మొలచి, కంప చిగిర్చిన పిమ్మట ఒళ్ళు చేసి ఎదకు వచ్చును. జూన్ 20వ తేదీని చూలు కట్టిన మేక 150 దినములు గడచి నవంబరు 17 ప్రాంతమున ఈనును. అప్పటికి చేలు కోతకు వచ్చి మేతకు కొదువ యుండదు; వానలును వెనుకబట్టును. తల్లికి పాలు, పిల్లకు పొడినేల రెండును దొరకును. ఇది మేక తానుగా ఏర్పరచుకొన్న పంచాంగము. రెండవ ఈత జూలై, ఆగస్టు నెలలలో పడినచో తడిసిన దొడ్డి, చలిగాలి, కడుపులో పురుగులు పిల్లలను తినివేయును. అట్టి ఈతకు ముందే దొడ్డిని ఎత్తుగా కట్టుకొనుట మేలు.

ఒళ్ళు చేయు మేకకు ఎక్కువ అండములు వెలువడునను సూత్రమును మనము వాడుకొనవచ్చును. ఎదకాలమునకు రెండు మూడు వారములు ముందునుండి రోజునకు పావుకిలో వరకు తవుడో, గింజల నూకో, వేరుశనగ చెక్కతో కలిపి పెట్టినను, ఎండిన తుమ్మకాయలు వేసినను చిక్కిన మేకలలో కవలలు పెరుగును. బలిసిన మేకకు దీనివలన లాభము తక్కువ. దాణాకు డబ్బు లేనివారు సంవత్సరమంతయు పెట్టనక్కరలేదు. ఈ మూడు వారములును, చూలు చివరి నెలన్నరయు పెట్టగలిగిన చాలును.

కవలలు పోతువలన కలుగునని పల్లెలలో ఒక నమ్మకము కలదు. అది సగము మాత్రమే నిజము. ఒక ఈతలో ఎన్ని పిల్లలు పుట్టుననునది ఆ తల్లి ఎన్ని అండములను విడిచినదను దానిపై ఆధారపడియుండును. మేకలలో కవలలు దాదాపుగా రెండు వేరు అండముల పిల్లలే. పోతు ఎంత బలమైనదైనను ఒక్క అండమును రెండు చేయజాలదు. అయితే ఆ పోతు తన తల్లినుండి పొందిన గుణమును తన కూతుళ్ళకు ఇచ్చును. కవలలు కావలెనన్నచో ఈనాటి పోతును చూడక, ఆ పోతు తల్లిని చూడవలెను. ఫలము కూతుళ్ళ ఈతలలో కనబడును.

మన మందలకు జరుగుచున్న గొప్ప హాని ఇచ్చటనే యున్నదని మా అభిప్రాయము. అందరికంటె వేగముగా ఎదిగిన పోతుపిల్లకు ముందుగా బేరము వచ్చును. దసరాకో, బక్రీదుకో, ఊరి జాతరకో అది పోవును. కొనువారు లేక మిగిలిన కురుచపిల్లయే మరుసటి ఏడు మందకు తండ్రి యగును. పదేండ్లిట్లు జరిగినచో మంద ఏమగునో చెప్పనక్కరలేదు. పోనీ, బుద్ధి తెచ్చుకొని అన్నిటికంటె పెద్దపిల్లను ఉంచుకొందమన్నను అందొక మోసము కలదు. ఒంటిగా పుట్టిన పిల్లకు తల్లి పాలన్నియు దక్కును. మూడు నెలలకు అది కవలపిల్లలకంటె పెద్దదిగా కనబడును. దానిని పోతుగా నిలిపినచో మనకు తెలియకుండగనే ఒంటిపిల్లల వంశమును ఎన్నుకొన్నవారమగుదుము. కనుక కవలలలో పెద్దదానిని, అందును తల్లి పలు ఈతలలో కవలలను ఈని పెంచినదైనచో దాని పిల్లను నిలుపుకొనవలెను. ఒక పోతును రెండేండ్లకు మించి ఒకే మందలో ఉంచినచో తన కూతుళ్ళనే దాటును. పొరుగూరితో మార్చుకొనుట మంచిది. పోతుపిల్లలు నాలుగైదు నెలలకే దాటగలవు. అవి తల్లిని, చెల్లెలిని ఎరుగవు. అందుచేత మూడు నెలలు నిండగనే వేరుచేయుటయో, ఉంచదలపని వానికి విత్తులు నొక్కించుటయో చేయవలెను.

జాతుల విషయము క్లుప్తముగా చెప్పుదుము. వంగదేశపు నల్లమేక చిన్నది, చిన్నవయసుననే ఈనును, రెండేసి పిల్లలు సామాన్యము, మూడు కూడ అరుదు కాదు. అయితే పిల్ల పుట్టువేళ బరువు కిలోకు కొంచెము మించును, మూడింటికి చాలినన్ని పాలుండవు. యమునా, చంబలు నదుల లోయలలోని జమునాపారి పెద్దది, పాలు మెండు, కవలలు తక్కువ. మనకు సమీపమైనది ఉస్మానాబాదీ. ఆ జిల్లా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములో చేరియుండెను. ఇప్పుడు మహారాష్ట్రములో ధారాశివ్ అను పేర నున్నది. ఎక్కువగా నల్లని ఒడలు గల ఈ మేక మెట్టనేలకు అలవడి, కవలలను బాగుగా ఈనును. పెద్ద పోతును తెచ్చి చిన్న మేకలపై వేసినంత మాత్రమున లాభము కలుగదు. పిల్ల పెద్దదై కాన్పు కష్టమగుటయు, తరువాతి తరమున కవలలు తగ్గుటయు సంభవింపవచ్చును. ఉత్తరప్రదేశమున మథుర సమీపమున మఖ్దూమ్ గ్రామములో 1979లో ఏర్పడిన కేంద్ర మేకల పరిశోధనాసంస్థ ఇట్టి జాతులను శుద్ధముగా నిలుపుటకు పాటుపడుచున్నది.

పోతు విషయమున కాపరులు మరచుచున్నది ఎండాకాలము. వీర్యకణము పుట్టి పూర్ణరూపము పొందుటకు సుమారు ఏడు వారములు పట్టును. అటుపిమ్మట మరికొన్ని దినములు నిలువయుండి పరిపక్వమగును. అనగా జూన్ చివర దాటు పోతు వీర్యములోని కణములు ఏప్రిల్ చివరనో, మే మొదటనో పుట్టుటకు ప్రారంభించినవి. ఈ కణములు దేహపు వేడిమిలో బ్రతుకవు. మేక దేహము సుమారు 39 డిగ్రీల వేడిమి గలది. వృషణములు దానికంటె నాలుగైదు డిగ్రీలు చల్లగా నుండవలెను. అందుకే అవి దేహము వెలుపల సంచిలో వ్రేలాడుచున్నవి. లోనికి పోవు వేడిరక్తమును వెలుపలికి వచ్చు చల్లని రక్తము తన ప్రక్కనే నడచుచు చల్లార్చును. రోహిణి కార్తె ఎండలో నీడలేక, నీరు లేక కట్టివేయబడిన పోతునకు ఈ యేర్పాటు చాలదు. తొలకరిలో అది ఉత్సాహముగానే దాటును. చూచువారికి లోపమేమియు కనబడదు. చూలు మాత్రము నిలువదు. నింద ఆడమేకపై పడును. వేసవిలో పోతునకు ఒక చెట్టునీడ, రెండుపూటల నీరు, గుప్పెడు దాణా ఇచ్చినచో అవి తొలకరికి పెట్టుబడి. ఎదిగిన పోతు ఒకటి పాతిక ముప్పది మేకలకు చాలును. పడుచుపోతుకు అందులో సగమైనను ఎక్కువే.

పోతు కంపును గూర్చి రేడియోలో చెప్పుట మర్యాద యగునా యని మాలో కొందరు సందేహించిరి. కాని ఆ కంపు ఒక విద్య. ఎదకాలమున పోతు తన గడ్డముపైనను ముందుకాళ్ళపైనను మూత్రము చిమ్ముకొనును. కొమ్ముల వెనుకనున్న గ్రంథులనుండి జిడ్డు కారును. కొన్ని వారములు పోతు ముఖము చూడక, ఎదలేక యున్న ఆడమేకల మధ్యకు పోతును విడిచినచో, వానిలో పెక్కు కొలది దినములలో అండములను విడుచును. 2014లో జపాను దేశపు శాస్త్రజ్ఞులు పోతుతల వెండ్రుకలనుండి వెలువడు ఆవిరులను పరీక్షించి, ఆడమేక మెదడులో పునరుత్పత్తిని నడపు కేంద్రమును మేల్కొలుపు వాసనద్రవ్యమొకదానిని గుర్తించిరి. మన కాపరులకు దాని పేరు తెలియదు గాని దాని పని తెలియును. పోతు లేని యింటివారికి ఇందు ఒక ఉపాయము కలదు. గోనెగుడ్డను పోతు తలపై కొమ్ముల వెనుక గట్టిగా రుద్ది, మూతగల డబ్బాలో ఉంచుకొనవలెను. అనుమానము కలిగినప్పుడు మూత తీసి మేక ముక్కు చెంత పట్టినచో, ఎదలో నున్న మేక తోకయాడించి డబ్బాను విడువదు. ఎదలేనిది ముఖము త్రిప్పుకొనును.

కొమ్ములు లేని బోడి మేకలను కోరువారికొక హెచ్చరిక. బోడిపోతును బోడిమేకతో చేర్చినచో పుట్టు ఆడపిల్లలలో కొన్ని ఆడుది మగది కాక గొడ్డువగుట పాలజాతులలో చిరకాలముగా తెలిసినదే. బోడితనమును కలిగించు జన్యులోపమే ఇందుకును కారణమని 2001లో తేలినది. ఇరువురిలో ఒకదానికి కొమ్ములున్న చాలును.

చూలుమేక కడుపులో పిండము మొదటి మూడు నెలలలో పెరుగునది స్వల్పము. పుట్టువేళ పిల్లకుండు బరువులో మూడు వంతులకు పైగా చివరి రెండు నెలలలో చేరును. అప్పుడే కడుపులో మేతకు చోటు తగ్గును. కవలలను మోయు మేకకు ఆ సమయమున బలమైన మేత లేనిచో తన కొవ్వును తానే కరగించుకొనును. అది మితిమీరినచో రక్తము విషమై, మేక మేత మాని, తల వాల్చి, లేవలేక చనిపోవును. దీనిని కాపరులు దిష్టియనియు, గాలియనియు తలచుచున్నారు. కొన్ని మేకలు, ముఖ్యముగా పాలజాతులవి, చూలు లేకయే కడుపు పెంచి, నెలలు గడచిన పిమ్మట కేవలము నీరు విడుచుటయు కలదు. కరగవలసిన పీతదేహము కరగక నిలిచిపోవుట దీనికి మూలము. పశువైద్యునికి చూపినచో సూదిమందుతో ఆ గ్రంథిని కరగించి మరల ఎదకు తేగలరు. తల్లిలో ఏ లోపమును లేదు; సంతకు తోలనక్కరలేదు.

నెలలు నిండినప్పుడు కాన్పు ముహూర్తమును నిర్ణయించునది తల్లి కాదు, పిల్ల. పక్వమైన పిల్ల దేహమునందలి అడ్రినలు గ్రంథులు కార్టిసోలును విడువగా మాయలో మార్పు కలిగి, ప్రోస్టాగ్లాండిను పుట్టి, ఐదు నెలలు కాపాడిన పీతదేహము కరగును, నొప్పులు ప్రారంభమగును. నీటిబుడ్డ కనబడిన పిదప గంటలోపల పిల్ల రానిచో సహాయము పిలువవలెను. సామాన్యముగా ముందుకాళ్ళు రెండు, వానిపై మూతి ఆనించుకొని పిల్ల వచ్చును.

పుట్టిన పిల్లకు వ్యాధులను ఎదుర్కొను శక్తి రక్తములో దాదాపు ఏమియు ఉండదు. మనుష్యులలో తల్లి ఆ శక్తిని మాయగుండ గర్భములోనే ఇచ్చును. మేక మాయ దానిని దాటనీయదు. తల్లి ఇచ్చునదంతయు ముర్రుపాలలోనే. పిల్ల ప్రేగు ఆ రక్షకద్రవ్యములను యథాతథముగా పీల్చుకొనుట మొదటి దినము మాత్రమే. గంటలు గడచినకొలది ఆ ద్వారము మూసికొనిపోవును. మాయ పడువరకు ముర్రుపాలు త్రాగనీయరాదను ఆచారము కొన్ని పల్లెలలో ఇంకను కలదు. ఆ ఆచారమువలన చచ్చిన పిల్లల సంఖ్య ఎవరును లెక్కింపలేదు. లేచి నిలిచిన వెంటనే, గంట దాటకుండ త్రాగింపవలెను. రెండు కిలోల పిల్లకు మొదటి దినమున కనీసము 200 మిల్లీలీటర్లు అందవలెను. కవలలలో బలహీనమైనదానిని చేతితో పట్టి చన్నందింపవలెను.

ఈసుకుపోయిన మేక విషయమున మాత్రము కఠినముగా చెప్పక తప్పదు. చూలు చివరి రెండు నెలలలో ఒకదాని వెంట నొకటి ఈసుకుపోయినచో బ్రూసెల్లా అను సూక్ష్మజీవిని అనుమానింపవలెను. 1887లో డేవిడ్ బ్రూస్ మాల్టా ద్వీపమున సైనికులను బాధించు జ్వరమునకు ఈ జీవియే కారణమని కనుగొనెను. అది ఎచ్చటినుండి వచ్చునో పదునెనిమిదేండ్లు తెలియలేదు. 1905లో థెమిస్టోక్లీస్ జమ్మిట్ ఆరోగ్యముగా కనబడు మేకల రక్తమున దాని జాడను పట్టెను. మరుసటి ఏడు సైన్యమునకు మేకపాలు మాన్పగనే జ్వరములు తగ్గిపోయినవి. చచ్చిన పిండమును, మాయను వట్టిచేతులతో తాకరాదు, కుక్కలకు వేయరాదు, సున్నము చల్లి లోతుగా పాతిపెట్టవలెను. గర్భిణీ స్త్రీలు ఆ చాయలకు పోరాదు. పాలు కాచియే త్రాగవలెను. అట్టి మేక పాలనైనను, మాంసమునైనను ఎవరికో అంటగట్టుట పొరుగువాని యింటికి జ్వరము పంపుటయే.

మరుసటి సంవత్సరము వేరొక పనిపై మేము ఆ పల్లె మీదుగా పోవలసివచ్చినది. నాలుగిండ్లవారు చేరి డబ్బు వేసికొని, కవలల తల్లికి పుట్టిన పోతునొకదానిని పొరుగు మండలమునుండి తెచ్చుకొనిరి. దానిని వేసవి అంతయు చింతచెట్టు క్రింద కట్టివేసినది ఆ యిల్లాలేనట. నల్లమేక కార్తీకమాసమున రెండు పిల్లలను ఈనినది. ఒకటి పోతు. దానిని బక్రీదుకు అడుగుటకు అప్పుడే ఇద్దరు వచ్చిపోయిరి. ఇచ్చెదవా యని మేము అడిగితిమి. "ఇయ్యను సామీ. దీన్ని పొరుగూరోళ్ళ పోతుపిల్లతో మార్చుకుంటా" అని చెప్పి, డబ్బాలోని గోనెగుడ్డను మాకు చూపినది. మూత తీయవద్దని మేము బ్రతిమాలుకొంటిమి.